రాక్ అండ్ రోల్‌ని నిలబెట్టింది పాటగాళ్లా, రేడియో డీజేలా?

పాతరికార్డు

పక్క చర్చలో ఒకాయన "ఎల్విస్ లేకపోతే రాక్ అండ్ రోల్ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడ గొడవ పెంచడం ఎందుకని ఇక్కడ కొత్తగా మొదలుపెడుతున్నాను.

1950ల మొదట్లో అమెరికాలో ఆ పాటలు ఎవరు పాడారన్నది ఒక ఎత్తు. పొద్దుపోయాక వాటిని రేడియోలో ఎవరు వేశారన్నది ఇంకో ఎత్తు. క్లీవ్‌లాండ్ సంగతే చూడండి. లియో మింట్జ్ అనే ఆయనకి అక్కడ రికార్డ్ రాండేవూ అని రికార్డుల కొట్టు ఉండేది. నల్లజాతి వాళ్ల రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు కొనడానికి తెల్ల పిల్లలు కూడా వస్తున్నారని ఆయన కంట పడింది. అలన్ ఫ్రీడ్ అనే అనౌన్సర్‌ని పట్టుకుని, స్పాన్సర్‌షిప్ నాది, నువ్వు ఈ పాటలే వెయ్యి అన్నాడు. 1951 జూలైలో డబ్ల్యూజేడబ్ల్యూ స్టేషన్‌లో "మూన్‌డాగ్" పేరుతో కార్యక్రమం మొదలైంది. ఫ్రీడ్ ఊరికే పాటలు వేసేవాడు కాదు. పాట నడుస్తుంటే మైకు తెరిచే ఉంచి, తాళానికి తగ్గట్టు టెలిఫోన్ డైరెక్టరీ మీద దబదబా బాదేవాడు, మెడగంట వాయించేవాడు, అరిచేవాడు.

నేననేది, ఈయనలాంటి వాళ్లు లేకపోతే ఆ సంగీతం పట్టణంలో ఒక పేటకే పరిమితమైపోయేది. ఒప్పుకోని వాళ్లు రండి.

మీడియంవేవ్_మూర్తి

ఒప్పుకుంటాను గానీ, మీరు మనుషుల్ని చూస్తున్నారు, నేను ట్రాన్స్‌మిటర్‌ని చూస్తాను.

ముందు అసలు ఆ టైము ఖాళీ ఎలా దొరికిందో చూడండి. 1940ల దాకా అమెరికన్ రేడియో అంటే పెద్ద నెట్‌వర్కుల నాటకాలు, హాస్య కార్యక్రమాలు, స్టూడియో ఆర్కెస్ట్రాలు. టీవీ రాగానే స్టార్లూ అటే పోయారు, స్పాన్సర్లూ అటే పోయారు. ఊళ్లో ఉన్న చిన్న స్టేషన్‌కి ఇరవై నాలుగు గంటలు నింపడానికి మిగిలింది ఏమిటి? ఒక మనిషి, రెండు టర్న్‌టేబుళ్లు, ఒక బీరువాడు రికార్డులు. చవగ్గా అయిపోతుంది. డీజే అనేవాడికి అంత స్వేచ్ఛ దొరికింది గొప్ప ఆలోచన వల్ల కాదు, స్టేషన్ యజమానికి డబ్బుల్లేక.

రెండోది రాత్రి. ఏఎం తరంగాలు పగలు నేల పట్టుకుని పోతాయి, కాస్త దూరం వెళ్లి చచ్చిపోతాయి. చీకటి పడ్డాక ఆకాశంలో బాగా పైనున్న అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి వందల మైళ్ల అవతల దిగుతాయి. నాష్‌విల్‌లోని డబ్ల్యూఎల్‌ఏసీ 50,000 వాట్ల స్టేషన్. రాత్రయితే దక్షిణ రాష్ట్రాలన్నీ దాటి ఇంకా పైకి వినపడేది. అక్కడ జీన్ నోబుల్స్ అనే డీజేని 1940లలో నల్లజాతి కాలేజీ విద్యార్థులు మా పాటలు కూడా వెయ్యండి అని అడిగితే ఆయన వేయడం మొదలుపెట్టాడు. ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. తర్వాత జాన్ రిచ్‌బర్గ్, అందరూ "జాన్ ఆర్" అనేవారు, ఆయన గొంతు విని నల్లజాతి మనిషే అనుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. తెల్లవాడు.

ఆ స్టేషన్ ప్రకటనలు చూస్తే డీజే శక్తి తెలుస్తుంది. గాలటిన్ అనే చిన్న ఊళ్లో ర్యాండీస్ రికార్డ్ షాప్ అని ఒక కొట్టు. డబ్ల్యూఎల్‌ఏసీలో ప్రకటన వేసి, పోస్టులో రికార్డులు పంపేవాడు. మిసిసిపీలో ఎక్కడో పత్తి చేల మధ్య ఉన్న కుర్రాడు రాత్రి పాట విని, పొద్దున్నే ఆర్డరు రాసి పోస్టులో పడేసేవాడు. అదే కార్యక్రమంలో జుట్టుకి రాసుకునే నూనె, పోస్టులో వచ్చే కోడిపిల్లలు కూడా అమ్మేవారు. నిజంగానే బతికున్న కోడిపిల్లలు.

బీల్_స్ట్రీట్

మూర్తిగారూ, బాగా చెప్పారు. కానీ పైన రెండు పోస్టుల్లోనూ మైకు ముందున్నవాళ్లంతా తెల్లవాళ్లే. ఈ కథ ఎప్పుడు చెప్పినా ఇలాగే మొదలవుతుంది, అందుకే నాకు చిరాకు.

మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ అని ఒక స్టేషన్. 1947లో పెట్టారు, నడవట్లేదు. 1948 చివర్లో నాట్ డి. విలియమ్స్ అనే స్కూలు మాస్టారిని, పత్రికలకి కూడా రాసేవాడు, మైకు ముందు కూర్చోబెట్టారు. జనం ఎగబడ్డారు. 1949కల్లా కార్యక్రమాలన్నీ నల్లజాతి శ్రోతల కోసమే అయిపోయాయి. యజమానులు మాత్రం తెల్లవాళ్లే, అది వేరే సంగతి. 1954లో ఆ స్టేషన్ 50,000 వాట్లకి వెళ్లింది. రైలీ కింగ్ అనే కుర్రాడు అక్కడే పెప్టికాన్ అనే టానిక్కు ప్రకటన పాట పాడుతూ డీజే అయ్యాడు. బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్ అన్న ముద్దుపేరు కుదించుకుని బి.బి. కింగ్ అయ్యాడు. రూఫస్ థామస్ కూడా అక్కడి డీజేనే, పగలు మిల్లులో పనిచేసి సాయంత్రం మైకు ముందుకి వచ్చేవాడు. అట్లాంటాలో డబ్ల్యూఈఆర్‌డీ స్టేషన్‌ని 1949లో జెస్సీ బ్లేటన్ కొన్నాడు. నల్లజాతి మనిషి చేతిలోకి వచ్చిన మొదటి రేడియో స్టేషన్ అది. వీటిలో చాలావరకు ఫ్రీడ్ మూన్‌డాగ్ అని పేరు పెట్టుకోకముందే.

ఇక న్యూ ఆర్లీన్స్ కథ వినండి. వెర్నన్ విన్స్‌లో అని చదువుకున్న మనిషి, కాలేజీలో కళలు నేర్పేవాడు. రేడియోలో ఉద్యోగం అడిగితే స్టేషన్ వాళ్లు నల్లవాణ్ణి మైకు ముందు కూర్చోబెట్టం అన్నారు. కానీ నీకు ఆ యాస, ఆ వీధి మాటలు తెలుసు కదా, మా తెల్ల అనౌన్సర్‌కి నేర్పు అన్నారు. "పాపా స్టాపా" అనే పాత్రని ఆయనే పుట్టించాడు, స్క్రిప్టులు రాశాడు, గొంతు తెల్లవాడిది. ఒక రాత్రి ఆ అనౌన్సర్ మైకు దగ్గర లేని సమయంలో విన్స్‌లో తనే మైకు దగ్గరికి వెళ్లి చదివాడు. ఉద్యోగం పోయింది. తర్వాత జాక్స్ అనే బీరు కంపెనీ పిలిచి 1949లో "డాక్టర్ డాడీ-ఓ" పేరుతో వేరే స్టేషన్‌లో ఆయనకే కార్యక్రమం ఇచ్చింది, అప్పుడు ఊరంతా విన్నారు.

ఇప్పుడు చెప్పండి, డీజే చరిత్ర క్లీవ్‌లాండ్‌లో మొదలైందా?

గోదారిగాలి

అంటే డబ్బింగ్ సినిమా తిరగేసి ఆడించారన్నమాట. బొమ్మ ఒకడిది, గొంతు ఒకడిది, పేరు మాత్రం గొంతుకే.

మూర్తిగారి పోస్టు చదివితే మా ఇంట్లో వాళ్లు చెప్పేది గుర్తొచ్చింది. 1952లో ఆకాశవాణి సినిమా పాటలు బంద్ చేస్తే అందరూ రేడియో సిలోన్‌కి తిప్పారట కదా. అక్కడా ఇదే కథ. ప్రభుత్వం వద్దన్న పాటని సముద్రం అవతలి స్టేషన్ వేసింది, అమీన్ సయానీ స్టార్ అయిపోయాడు.

మీడియంవేవ్_మూర్తి

నిజమే. కొలంబో మన కోస్తాకి బ్రహ్మాండంగా తగిలేది. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కార్యక్రమం గురించి మాట్లాడమంటే తెల్లారిపోతుంది, దానికి విడిగా చర్చ పెట్టండి, నేనొస్తాను.

ఎరీ_ఒడ్డు

మేముండేది క్లీవ్‌లాండ్ దగ్గరే, అందుకని మా ఊరి తరఫున ఒక మాట. బీల్_స్ట్రీట్ గారు చెప్పినవన్నీ నిజం. కానీ ఫ్రీడ్‌ని ఉత్త తెల్ల దళారీ అనడం అన్యాయం.

1952 మార్చి 21 రాత్రి క్లీవ్‌లాండ్ అరీనాలో "మూన్‌డాగ్ కొరొనేషన్ బాల్" అని పెట్టాడు. తొలి రాక్ కచేరీ అదేనని చాలామంది లెక్క. హాలులో పట్టేది సుమారు పదివేల మంది. వచ్చింది దానికి రెట్టింపు. టికెట్లు అందినవాళ్లు, అందనివాళ్లు, దొంగ టికెట్లతో వచ్చినవాళ్లు, అందరూ కలిసి తలుపులు విరగ్గొట్టుకుని లోపలికి తోసుకొచ్చారు. మొదటి బ్యాండు, పాల్ విలియమ్స్ శాక్సోఫోన్ బృందం, ఇంకా సరిగ్గా వాయించనైనా లేదు, ఫైర్ వాళ్లు, పోలీసులు కలిసి ఆపేశారు. మర్నాడు ఫ్రీడ్ రేడియోలో తన శ్రోతలకి క్షమాపణ చెప్పి, మీరు నాతోనే ఉన్నారా అని అడిగాడు. కార్యక్రమం ఆగలేదు సరికదా, స్టేషన్ ఆయనకి ఇంకా ఎక్కువ సమయం ఇచ్చింది.

ఆ రోజు వచ్చినవాళ్లలో చాలా ఎక్కువమంది నల్లజాతి వాళ్లే. ఇది మా ఊళ్లోని రాక్ అండ్ రోల్ మ్యూజియం కథల్లో కాస్త వెనక్కి పోతుంది. తెల్లపిల్లల గుంపులు ఆయన వెంటపడింది తర్వాత, 1954లో న్యూయార్క్ డబ్ల్యూఐఎన్‌ఎస్‌కి వెళ్లాక. అక్కడ మూన్‌డాగ్ పేరు కూడా పోయింది. న్యూయార్క్ వీధుల్లో వాయించుకునే అంధ సంగీతకారుడు లూయిస్ హార్డిన్ ఆ పేరు నాది అని కోర్టుకెళ్లి గెలిచాడు. ఫ్రీడ్ కార్యక్రమానికి "రాక్ అండ్ రోల్ పార్టీ" అన్న పేరు పక్కాగా స్థిరపడింది అప్పుడే. బ్రూక్లిన్ పారమౌంట్ థియేటర్‌లో ఆయన పెట్టిన షోలకి తెల్లా నల్లా పిల్లలు ఒకే వరుసలో కూర్చుని చూశారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఇంకోటి. అప్పట్లో ఒక నల్లజాతి గాయకుడి పాట హిట్టయితే, నెల తిరక్కుండా ఒక తెల్లగాయకుడు దాన్ని ఉప్పూకారం తీసేసి మళ్లీ పాడేవాడు. స్టేషన్లు ఆ రెండోదే వేసేవి. ఫ్రీడ్ వేసేవాడు కాదు. అసలుదే వేస్తాను అని పట్టుబట్టాడు. లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో లాంటి నల్లజాతి గాయకులకి ఇది ఎంత ఉపయోగపడిందో ఆలోచించండి.

హేతువాది_గుంటూరు

పట్టుబట్టాడు సరే, ఊరికే పట్టుబట్టాడా? నల్లజాతి గాయకుడు చక్ బెర్రీ మొదటి హిట్టు "మేబెలీన్" రికార్డు, 1955, చెస్ అనే రికార్డు కంపెనీది. దాని మీద పాట రాసినవాళ్ల పేర్లు చూడండి. చక్ బెర్రీతో పాటు అలన్ ఫ్రీడ్. రస్ ఫ్రాటో. ఫ్రీడ్ అందులో ఒక్క అక్షరం రాయలేదు. ఫ్రాటోకి ఆ కంపెనీతో వ్యాపార లావాదేవీలు ఉండేవి, అంతే. ఆయనా రాయలేదు.

దీని కిటుకు తెలియనివాళ్లకి చెబుతాను. నోట్ల కట్ట ఇస్తే ఒకసారితో అయిపోతుంది. రచయితగా పేరు వేస్తే ఆ పాట అమ్ముడైనన్నాళ్లూ, మోగినన్నాళ్లూ రాయల్టీలో వాటా. డీజే ఆ పాటని ఎన్నిసార్లు వేస్తే అతనికే అంత లాభం. చక్ బెర్రీకి ఈ సంగతి రికార్డు బయటికొచ్చాక తెలిసింది. ఆ పేర్లు పూర్తిగా తీయించుకుని హక్కులన్నీ తనవి చేసుకోవడానికి 1980ల దాకా పట్టింది. హిట్టు చేసిపెట్టాడు కదా అంటారా? చేశాడు. మూడోవంతు మింగి చేశాడు.

నాకు కనపడే డీజే ఇతను. గేటు దగ్గర నిలబడ్డ మనిషి, చేతిలో తాళం ఉన్న మనిషి.

పాతరికార్డు

హేతువాది గారూ, గేటు లేని చోట గేటు పెట్టాడనట్లేదు కదా మీరు? గేటు ముందే ఉంది, లోపల ఉన్నవాళ్లు తియ్యట్లేదు. వీడు డబ్బు తీసుకుని తీశాడు. తియ్యనివాడి కంటే నయం అంటాను.

పైగా డీజేకి పాట డబ్బుకే కాదు, పిచ్చికీ వేసే రోజులవి. మెంఫిస్‌లో డ్యూయీ ఫిలిప్స్ ఉన్నాడు. డబ్ల్యూహెచ్‌బీక్యూ స్టేషన్, చిస్కా హోటల్లో స్టూడియో, "రెడ్ హాట్ అండ్ బ్లూ" అని రాత్రి కార్యక్రమం. సన్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ నడిపే సామ్ ఫిలిప్స్ ఇతనికి స్నేహితుడు, ఇంటిపేరు ఒకటేగానీ చుట్టాలు కారు. 1954 జూలైలో సామ్ ఇంకా అచ్చయి మార్కెట్లోకి రాని ఒక రికార్డు తెచ్చి ఇచ్చాడు. కొత్త కుర్రాడు, పాట "దట్స్ ఆల్ రైట్". డ్యూయీ వేశాడు. ఫోన్లు. మళ్లీ వేశాడు. ఇంకా ఫోన్లు, టెలిగ్రాములు. అదే రాత్రి అదే పాట ఎన్నిసార్లు తిప్పాడో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు.

కుర్రాడేమో సిగ్గుతో సినిమా హాల్లో దాక్కున్నాడు. అమ్మానాన్నలు చీకట్లో వరసలు వెతికి పట్టుకుని స్టూడియోకి పంపారు. డ్యూయీ మైకు ఆన్‌లో ఉందని చెప్పకుండానే కబుర్లలో పెట్టాడు. ఏ స్కూలు బాబూ అని అడిగాడు. హ్యూమ్స్ అన్నాడు ఎల్విస్. చాలు. మెంఫిస్‌లో అప్పుడు తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ స్కూళ్లు వేరువేరు కాబట్టి హ్యూమ్స్ అనగానే తెల్లపిల్లాడని ఊరికి అర్థమైపోయింది. పాట మాత్రమే విన్నవాళ్లలో చాలామంది అప్పటిదాకా నల్లజాతి గాయకుడనుకున్నారు. ఇంటర్వ్యూ ఎప్పుడు మొదలుపెడతారు సార్ అన్నట్టు కుర్రాడు ఎదురుచూస్తుంటే, అయిపోయింది నాయనా అన్నాడట.

ఒక్క ప్రశ్నతో ఆ పని చేసిన డీజేని గేటు మనిషి అని కొట్టిపారేయలేం.

బీల్_స్ట్రీట్

ఆ ప్రశ్న మీకు ముచ్చటగా ఉంది, నాకు మంట. అదే ఊళ్లో, అదే సంవత్సరం, రూఫస్ థామస్ మైకు ముందు ఉన్నాడు. అతణ్ణి ఏ స్కూలని ఎవరూ అడగక్కర్లేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఎల్విస్ రికార్డుని డబ్ల్యూడీఐఏలో వేసినవాళ్లలో రూఫస్ కూడా ఉన్నాడు. పెద్దమనసు ఎవరిదో మీరే చెప్పండి.

వైజాగ్_వినైల్

పేయోలా, అంటే పాట వేయడానికి డీజేలు పుచ్చుకునే లంచం, దాని గురించి పూర్తిగా ఎవరూ మాట్లాడట్లేదు, అసలు కథ అక్కడుంది.

పాట వేయడానికి డబ్బు పుచ్చుకోవడం 1960 దాకా ఫెడరల్ నేరమే కాదు. కొన్ని రాష్ట్రాల్లో వాణిజ్య లంచం కింద చిన్న కేసు, అంతే. 1959 మేలో మయామీ బీచ్‌లో డీజేల మహాసభ జరిగింది, ఖర్చంతా రికార్డు కంపెనీలది. మర్నాడు అక్కడి పత్రిక పెట్టిన శీర్షికని మన యాసలో చెప్పాలంటే "మందు, మగువ, మామూలు". అప్పటికే టీవీ క్విజ్ షోల్లో మోసం బయటపడి వాషింగ్టన్‌లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కమిటీ విచారణలు నడుస్తున్నాయి. ఆ కమిటీ చూపు రేడియో మీదకి తిరిగింది.

వెనక ఇంకో పగ ఉంది. పాటల రాయల్టీ వసూలు చేసే సంఘాలు రెండు. పాతది ఆస్కాప్, బ్రాడ్‌వే పాటల పెద్దమనుషులది. కొత్తది బీఎంఐ, రేడియో వాళ్లు 1939లో పెట్టుకున్నది. పాతవాళ్లు చేర్చుకోని పల్లె పాటగాళ్లు, బ్లూస్ వాళ్లు దీన్లో చేరారు. రాక్ అండ్ రోల్ దాదాపు అంతా బీఎంఐదే. "ఇంత చెత్త రేడియోలో మోగుతోందంటే లంచం తినకుండా సాధ్యమా" అని ఆస్కాప్ వాళ్లు కాంగ్రెస్ ముందు ఏళ్లతరబడి మొత్తుకున్నారు. విచారణ పెట్టింది లంచం మీద కోపంతోనా, ఈ సంగీతం మీద కోపంతోనా అన్నది మీరు ఆలోచించండి.

ఫ్రీడ్ అప్పటికే దెబ్బలు తిని ఉన్నాడు. 1957లో ఏబీసీ టీవీలో ఆయన షో వచ్చింది. నల్లజాతి కుర్రాడు ఫ్రాంకీ లైమన్ ఒక తెల్లమ్మాయితో డ్యాన్స్ చేయడం తెర మీద కనపడింది. దక్షిణాది స్టేషన్లు గోలపెట్టాయి, షో ఎత్తేశారు. 1958 మేలో బోస్టన్ షోలో గొడవైతే అల్లర్లకి రెచ్చగొట్టాడని కేసు. డబ్ల్యూఐఎన్‌ఎస్ వదిలి డబ్ల్యూఏబీసీకి వచ్చాడు. 1959 నవంబరులో వాళ్లు "నేను ఎప్పుడూ లంచం తీసుకోలేదు" అని సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాడు. పంపేశారు.

ఇప్పుడు డిక్ క్లార్క్‌ని చూడండి. అదే ఏబీసీ, ఫిలడెల్ఫియా నుంచి "అమెరికన్ బ్యాండ్‌స్టాండ్", 1957 నుంచి దేశమంతా. ఈయనకి రికార్డు కంపెనీల్లో, పాటల హక్కుల్లో, రికార్డులు ముద్రించే ఫ్యాక్టరీలో అన్నిట్లో కలిపి 33 వ్యాపారాల్లో వాటాలు. ఏబీసీ వాళ్లు వాటాలు అమ్ముకో, టీవీలో ఉండు అన్నారు. అమ్ముకున్నాడు. 1960లో కమిటీ ముందుకి చక్కటి సూటు వేసుకుని, లెక్కల పట్టికలతో వచ్చాడు. ఛైర్మన్ ఆరెన్ హ్యారిస్ మెచ్చుకుని పంపాడు. ఫ్రీడ్ 1962లో రెండు లంచం అభియోగాలు ఒప్పుకుంటే పడింది 300 డాలర్ల జరిమానా. మూడొందలే! కానీ ఉద్యోగం లేదు, తర్వాత పన్ను ఎగవేత కేసు, తాగుడు. 1965 జనవరిలో పామ్ స్ప్రింగ్స్‌లో పోయాడు. 43 ఏళ్లు.

హేతువాది_గుంటూరు

క్లార్క్ సంగతి చూస్తే ఒళ్లు మండుతుంది, అది ఒప్పుకుంటాను. చిల్లర పుచ్చుకున్నవాడు మునిగాడు, కంపెనీలు పెట్టుకున్నవాడు తేలాడు. అలాగని మొదటివాడు అమరవీరుడు అయిపోడు.

వైజాగ్_వినైల్

అమరవీరుడని అనట్లేదండీ. దెబ్బ ఎవరికి తగిలింది అంటున్నాను. 1960 మేలో న్యూయార్క్‌లో అరెస్టయిన ఎనిమిదిమందిలో ఫ్రీడ్ పేరే అందరూ చెబుతారు. ఆ ఊళ్లోని నల్లజాతి పేట హార్లెమ్‌కి ప్రాణంలాంటి "డాక్టర్ జైవ్" టామీ స్మాల్స్, హాల్ జాక్సన్ కూడా అందులో ఉన్నారు. నల్లజాతి డీజేలకి స్టేషన్లు ఇచ్చే జీతం తెల్లవాళ్ల జీతంలో ఎంతో కొంత. ఆ పైసల్తోనే వాళ్ల ఇల్లు నడిచేది.

మీడియంవేవ్_మూర్తి

దీని ఫలితం ఎవరూ అనుకోని చోట తేలింది. డీజే చేతిలో ఎంపిక ఉండబట్టే కదా లంచం ఇస్తున్నారు, ఎంపికే తీసేద్దాం అన్నాయి స్టేషన్లు. ఒమాహాలో టాడ్ స్టోర్జ్, డల్లాస్‌లో గార్డన్ మెక్‌లెండన్ 1950లలోనే "టాప్ 40" పద్ధతి నడుపుతున్నారు. జూక్‌బాక్సులో జనం డబ్బులేసి మరీ అదే పాట మళ్లీ మళ్లీ వింటారు, మనమూ అదే చేద్దాం అన్నది దాని సూత్రం. మయామీ మహాసభకి ఆతిథ్యం ఇచ్చింది ఇదే స్టోర్జ్ అన్నది ఇంకో తమాషా. పేయోలా గొడవ తర్వాత పెద్ద స్టేషన్లన్నీ అటు మళ్లాయి. ప్రోగ్రామ్ డైరెక్టర్ పట్టీ ఇస్తాడు, డీజే చదువుతాడు. స్టూడియోకి చంకలో రికార్డు పెట్టుకుని వచ్చే సామ్ ఫిలిప్స్‌కి ఇక అక్కడ పని లేదు. లంచం ఆగిందా అంటే లేదు, ఒక మెట్టు పైకి వెళ్లి ప్రోగ్రామ్ డైరెక్టర్ దగ్గర కూర్చుంది.

ఎరీ_ఒడ్డు

ఇంకో సంగతి. ఆ డీజేల మాట తీరు అమెరికాలోనే ఆగలేదు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌లలో జాకో హెండర్సన్ ప్రతి మాటా ప్రాసతోనే మాట్లాడేవాడు, తన షోని రాకెట్ ప్రయాణం అనేవాడు. ఆస్టిన్‌లో లవాడా డర్స్ట్ కూడా అదే బాపతు. జమైకాలో వాళ్లు రాత్రుళ్లు మయామీ, న్యూ ఆర్లీన్స్ స్టేషన్లు పట్టుకుని వినేవారు. కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్ దగ్గర మైకు పట్టుకుని పాట మీద మాటలు చెప్పిన కౌంట్ మచుకీ లాంటి వాళ్లకి ఈ అమెరికన్ డీజేలే నమూనా. అక్కణ్ణించి ర్యాప్ దాకా దారి గీసుకోవచ్చు. విన్స్‌లో తెల్లవాడికి నేర్పించిన ఆ మాట తీరే ఇది.

గోదారిగాలి

ఇంత చదివాక వినకపోతే నిద్రపట్టేలా లేదు. ఎవరిది ముందు వినాలి?

పాతరికార్డు

డ్యూయీతో మొదలుపెట్టండి. ఆయన ప్రసారాల రికార్డింగులు కొన్ని మిగిలాయి, వెతికితే దొరుకుతాయి. ఇంగ్లీషు సగం అర్థం కాదు, ఖంగారు పడకండి, మెంఫిస్ వాళ్లకీ సగమే అర్థమయ్యేది. పాటలు దాటేసినా ప్రకటనలు మాత్రం దాటేయొద్దు. స్పాన్సర్ బీరు గురించి స్క్రిప్టు ఇస్తే పక్కన పడేసి, తాగలేకపోతే గడ్డకట్టించి తినండి అంటాడు. ఏ కొట్టుకెళ్లినా ఫిలిప్స్ పంపాడని చెప్పండి అంటాడు. జనం నిజంగానే వెళ్లి చెప్పేవారట.